ఉమేదువారు నేర్చిన పాఠము

ఉత్తర తెలంగాణపు కచేరీలలో నొకప్పుడు "ఉమేదువారు" అను మాట మిక్కిలి వాడుకలో నుండెను. జీతము లేక, హోదా లేక, ఎన్నటికైన నొక నౌకరి దొరకకపోవునా యను తలంపుతో గుమాస్తా ప్రక్కన కూర్చుండి మిసిళ్లకు నకళ్లు వ్రాయుచుండిన యువకుని ఆ పేరుతో పిలిచెడివారు. ఉమేదు అనగా ఆశ, ఉమేదువారు ఆశగలవాడు. పారశీకమునుండి మనకు వచ్చిన యీ మాట నేడు కచేరీలనుండి జారిపోయినది. శిక్షణార్థి, ప్రొబేషనరు, జూనియరు, ఇంటర్న్ అను పేర్లు దాని చోట నిలిచినవి. పేరు మారినను ఆ యువకుని స్థితి యంతగా మారలేదు. అతడు నేటికిని ఆశతోడనే కచేరి గడప దాటుచున్నాడు. ఆ గడపలోపల నతనికి మొదటి ఆరు మాసములలో నేమి నేర్పబడుచున్నదన్న ప్రశ్న స్థానిక స్వపరిపాలనమును గూర్చి యాలోచించు వారందరును వేసికొనవలసినది. చట్టము శాసనసభలో పుట్టును. కాని గ్రామస్థునకు కనబడెడి ప్రభుత్వము పంచాయతి బల్లవెనుక కూర్చున్న మనుష్యుడే.

ఈ విషయమున మాకు స్వానుభవము కొంత గలదు. పత్రికావృత్తిలో ప్రవేశించుటకు పూర్వము మేము ఉత్తర తెలంగాణమునందలి యొక పంచాయతి కార్యాలయమున కొన్ని మాసములు పని నేర్చుకొనుచుంటిమి. ఆ గ్రామమును గాని, మాకు పని నేర్పినవారిని గాని పేర్కొనుట మా యుద్దేశము కాదు. వారు దుష్టులు కారు. ఇంటివద్ద మంచి గృహస్థులు, ఇరుగుపొరుగువారికి ఉపకారులు. అట్టివారు కచేరిలో కూర్చుండగనే వేఱొక ధర్మమునకు లోబడుచుండిరి. మేము చెప్పదలచినది ఆ ధర్మమును గూర్చియే.

మొదటి దినమున మాకు చట్టపు పుస్తకము నెవరును చూపలేదు. ఎవరు వచ్చినప్పుడు లేచి నిలువవలయునో, ఎవరికి కుర్చీ జరుపవలయునో, ఎవరిని ద్వారబంధమువద్దనే నిలిపి మాటాడవలయునో చూపిరి. ఇవి నోటితో చెప్పబడలేదు. పెద్దవారి చూపునుండి మేమే గ్రహించితిమి. గుత్తేదారు వచ్చినచో కుర్చీయు, తేనీరును. బడిపంతులు వచ్చినచో కుర్చీ మాత్రము. తలపై తువ్వాలు తీసి చంక నుంచుకొని వచ్చిన రైతునకు గడప. వారము తిరుగకుండనే యీ మూడు తరగతుల విభజన మాకు కంఠస్థమైనది. దానికొఱకు ఏ పరీక్షయు వ్రాయవలసిన యవసరము లేకపోయినది.

రెండవ పాఠము కాగితమును గూర్చినది. అర్జీ వచ్చిన వెంటనే దానిని పుస్తకములో నెక్కింపరాదని మాకు చెప్పిరి. సంఖ్య పడిన కాగితమునకు జవాబు చెప్పవలయును. సంఖ్య పడని కాగితము లేనట్లే. కనుక అర్జీని కొన్నాళ్లు బల్లపై పరచిన అట్టక్రింద నుంచుట క్షేమమనిరి. పై అధికారి తనిఖీకి వచ్చి, "పెండింగు ఎన్ని?" యని యడిగినచో, "ఏమియు లేవు సార్" అని చెప్పవచ్చును, అది యసత్యము గాదు, పుస్తకము తెరచి చూపవచ్చును. మూడవ పాఠము ఆ తనిఖీలను గూర్చినది. దౌరా వచ్చుచున్నదని తెలిసిన నాటిరాత్రి దీపములు వెలిగించి మూడు మాసముల హాజరుపట్టీలు ఒకే కలముతో, ఒకే సిరాతో పూర్తిచేయుట మేము చూచితిమి. చూచుటయే కాదు, గీతలు గీచి యిచ్చితిమి.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున నుద్యోగులు రాజధనము నపహరించు మార్గములు నలువదియని లెక్కించెను. ప్రజల కాలమును అపహరించు మార్గములను మాత్రమాయన లెక్కింపలేదు. ఆ మార్గములలో నొకటి మా చేతిమీదుగనే జరిగినది. దానిని చెప్పకున్న నీ వ్యాసము వ్రాయు నర్హత మాకు లేదు.

ఒకనాడు వాగు కావలి గూడెమునుండి యొక ముదుసలి వచ్చినది. ఆమె భర్త మరణించి నాటికి పందొమ్మిది దినములు. కుటుంబసహాయమునకు దరఖాస్తు పెట్టవలయునన్న మరణ ధ్రువపత్రము కావలయునని యెవరో చెప్పగా వచ్చినది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము మరణవార్తను ఇరువదియొక దినములలోపల తెలిపినచో రుసుము లేదు. ఆ వార్తను వ్రాతమూలమున నీయనక్కరలేదు. నోటితో చెప్పినను చాలును, వ్రాసికొనుట రిజిస్ట్రారు విధి. అయిదు నిమిషముల పని. పెద్దగుమాస్తా ఏదో లెక్కలో మునిగియుండి తల యెత్తకయే, "రేపు రమ్మను" అనెను. మేము గడపవద్దకు పోయి ఆ మాటను ఆమెకు చేరవేసితిమి. మరునాడామె వచ్చునప్పటికి ఆయన మండల సమావేశమునకు పోయియుండెను. మేము మరల "రేపు" అంటిమి. ఇరువదియొకటవ దినము సెలవు. ఆ పిమ్మట పత్తి యేరు కాలము వచ్చినది. కూలి పోగొట్టుకొని నాలుగు కోసులు నడచి వచ్చుట యామెకు సాధ్యపడలేదు. మరల నామె వచ్చునప్పటికి ముప్పది దినములు దాటినవి. ఆ గడువు దాటిన పిమ్మట నాటి నిబంధన ప్రకారము ప్రమాణపత్రము కావలసియుండెను, పై అధికారి వ్రాతపూర్వకమైన యనుమతి కావలసియుండెను, రుసుము కావలసియుండెను; వీటి కొఱకు పట్టణమునకు పోవలసియుండెను.

ఈ సంగతి మేమామెకు వివరించితిమి. ఆమె కోపపడియున్నచో మా మనస్సు కొంత తేలికపడియుండెడిది. ఆమె చేతులు జోడించి, "నాదే తప్పు సారూ, జల్ది రాకపోతి" అనినది. మా అవ్వ వయస్సు గలిగిన యామె మమ్ము సారూ యని పిలుచుటయు, మా తప్పునకు తాను క్షమాపణ చెప్పుటయు జూచిన పిమ్మట మాకు తెలిసినది, మా శిక్షణ పూర్తియైనదని. "రేపు రా" అను మాట పెద్దగుమాస్తా నోటనుండి మా నోటికి వచ్చుటకు పది వారములు పట్టినది. ఆలస్యమువలన అమృతము విషమగునన్నది మన పెద్దలు చెప్పిన మాట. ఆ యాలస్యమును వడ్డించిన చేయి మాది.

ఈ యలవాటులు నిన్న మొన్న పుట్టినవి గావు. మొదటి సాలారుజంగు 1865లో జిల్లాబందీ చేసి తాలూకుదారులను నియమించిన నాటినుండి మన ప్రాంతమున కచేరియనగా పైనుండి క్రిందికి దిగివచ్చు హుకుము. కచేరి భాష పారశీకము. 1880 దశకమునుండి ఉర్దూ. రైతు భాష తెలుగు, అడవిలో గోండి. తన దరఖాస్తులో నేమి వ్రాయబడినదో తనకే తెలియని స్థితిలో రైతు వ్రేలిముద్ర వేయుచుండెను. గ్రామమున మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారి వంశపారంపర్యముగా నధికారము చెలాయించిరి. అధికారి దౌరా వచ్చినచో కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, ఎఱుకలవాని కావడి, ఎవరి వంతు వెట్టి వారు చేయవలసినదే. ఈ వెట్టిని నిర్మూలింపవలయునని ఆంధ్రమహాసభ పలుమార్లు ఘోషించెను. మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను 1935లో సిరిసిల్లయందు దాని నాలుగవ సమావేశము జరిగిన సంగతి ఈ ప్రాంతపు పెద్దలెరుగుదురు.

తరువాత సంస్కరణములు వరుసగా వచ్చినవి. 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశపు పంచాయతిరాజ్యమునకు ప్రారంభోత్సవము చేసెను. 1984లో పటేలు, పట్వారి పదవులు రద్దయినవి. 1993లో 73వ రాజ్యాంగ సవరణ యమలులోనికి వచ్చెను. 2016లో పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడి, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలేర్పడినవి. కచేరి ప్రజలకు చేరువైనది. మేము వీటిని తక్కువ చేయుట లేదు. కాని పదవి రద్దయినంత సులభముగా వైఖరి రద్దుకాదు. పట్వారి పోయినను పట్వారి కూర్చున్న తీరు బల్లవెనుక మిగిలిపోయినది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత నేటికిని మన పల్లెలలో చెల్లుచున్నది. దీనికి నిదర్శనము కావలయునన్న నే సోమవారమైనను జిల్లా కలెక్టరు కార్యాలయమువద్ద ప్రజావాణికి చేరు జనమును చూడవచ్చును. ఆ చేతులలోని కాగితములలో ననేకము గ్రామముననే తీరదగినవి.

2018 నాటి తెలంగాణ పంచాయతిరాజ్ చట్టముతో నీ కథలో నొక క్రొత్త యధ్యాయము ప్రారంభమైనది. తండాలు, గూడెములు పంచాయతులైనవి. రాష్ట్రమున నాలుగువేల పైచిలుకు క్రొత్త పంచాయతు లేర్పడి మొత్తము పండ్రెండువేల యేడువందలు దాటినది. ప్రతి పంచాయతికి నొక కార్యదర్శి యుండవలయునని సంకల్పించి, ఆ యేటనే 9,355 జూనియరు పంచాయతి కార్యదర్శుల నియామకమునకు ప్రకటన వెలువరించిరి. 2019 ఏప్రిలులో పట్టభద్రులైన యువతీయువకులు వేలకొలది గ్రామములలో చేరిరి. వారిలో ననేకులకది మొదటి యుద్యోగము. నెలకు 15,000 రూపాయల వేతనము, మూడేండ్ల పరీక్షాకాలము. నేటి ఉమేదువారులు వీరే.

వీరిపై పడిన భారమును చూడుడు. పారిశుద్ధ్యము, ఇంటిపన్ను వసూలు, జనన మరణముల నమోదు, నర్సరీ, చెత్త తరలించు ట్రాక్టరు, శ్మశానవాటిక, పల్లె ప్రకృతివనము, అన్నియు వీరివే. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకకున్న బాధ్యత సర్పంచి, కార్యదర్శులదేయని చట్టము చెప్పినది. వాన కురియకున్న నెవరిది బాధ్యతయో చెప్పలేదు. ప్రతి ఉదయము పారిశుద్ధ్యపు పనుల ఛాయాచిత్రములు ఫోనునుండి పంపవలయును. 2020లో ఉపాధిహామీ క్షేత్రసహాయకులను తొలగించిన పిమ్మట, 2022లో వారిని తిరిగి తీసికొనువరకు, కూలీల హాజరుపట్టీ కూడ కార్యదర్శుల నెత్తినే పడినది. వేతనము 2021లో 28,719 రూపాయలకు పెరిగినది. కాని మూడేండ్ల పరీక్షాకాలము నాలుగేండ్లయ్యెను. ఆ నాలుగును నిండిన పిమ్మట 2023 ఏప్రిలు చివరను వారు సమ్మెకు దిగిరి. రెండు వారములకు పైగా గ్రామ కార్యాలయములు మూతపడినవి. సమ్మె విరమించిన పిమ్మట పనితీరునకు మార్కులు వేసి క్రమబద్ధీకరించు ఉత్తర్వులు వెలువడినవి.

జీతభత్యముల వివాదముగా దీనిని పత్రికలు చర్చించినవి. అందొక లోతైన ప్రశ్న మిగిలిపోయినది. నాలుగేండ్లపాటు తన యుద్యోగము నిలుచునో పోవునో తెలియని యువకుడు ఎవరి మొగము చూచుచు పనిచేయును? తనకు మార్కులు వేయువారి మొగమే. మార్కులు వేయువారు మండలమునందు, జిల్లాయందు నున్నారు; గూడెములో లేరు. ఉదయము ఏడు గంటలకు పంపవలసిన ఛాయాచిత్రము ఆలస్యమైనచో తాఖీదు వచ్చును. ముదుసలి యర్జీ ఆలస్యమైనచో నేమియు రాదు. ఇట్టిచోట నతడు దేనిని ముందు చేయును? ఆతడు చెడ్డవాడు కానక్కరలేదు. మేము చెడ్డవారమై "రేపు రా" యనలేదు. భయము పైకి చూచుట నేర్పును. అట్లు పైకి చూచుట యలవడిన కన్ను ఉద్యోగము స్థిరపడిన పిమ్మట క్రిందికి దిగునన్న నమ్మకము మాకు లేదు.

పాత యుద్యోగులపక్షమున చెప్పదగిన మాటయు గలదు. వారు మాతో నట్లే చెప్పిరి: "ఇద్దరు చేయవలసిన పని యొక్కడు చేయుచున్నాడు, అయిదుగురు దానిని తనిఖీ చేయుచున్నారు." ఇది చాలవరకు సత్యము. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గముల గడువు తీరిన పిమ్మట ఎన్నికలు జరుగక, ప్రత్యేకాధికారుల పాలన దీర్ఘకాలము సాగినది. నిధులు రాని యా దినములలో ట్రాక్టరు డీజిలుకు, వీధిదీపములకు కార్యదర్శులు చేతి డబ్బు పెట్టుకొనుచున్నామని మొఱపెట్టిరి. ఎన్నుకొనబడిన సర్పంచి లేనిచోట గ్రామస్థుని కోపమునకు గుఱి కార్యదర్శియే. అర్జీని అట్టక్రింద దాచు నలవాటు కొంతవరకు ఈ నిస్సహాయతనుండియే పుట్టినదని మేమంగీకరింతుము. కాని నిస్సహాయత కారణమగునేగాని సమర్థన కాజాలదు. ఉద్యోగి భారమును తగ్గింపవలయును. ఆ భారమును అందరికంటె దుర్బలుని భుజముపైకి దొర్లించు విద్యను మాత్రము క్రొత్తవానికి నేర్పరాదు.

శిక్షణ వేఱొక తీరున నుండవచ్చునా? దీనికి జవాబు వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఆదిలాబాదు అడవులలోనే యొక దృష్టాంతము గలదు. 1940లో జోడేఘాట్ కొండలలో కొమరం భీము నిజాము సైనికుల తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల యశాంతికి కారణము లేమో పరిశీలింపవలసినదిగా హైదరాబాదు ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్‌ను కోరెను. ఆయనకు కనబడిన కారణములలో అడవి చౌకీదార్లు, పట్వారీలు మొదలగు చిన్న యుద్యోగుల పీడనమొకటి. తన భాష తెలియని యుద్యోగికిని గోండునకును నడుమ మధ్యవర్తి దూరుచుండెను. ఆ మధ్యవర్తియే భూమిని కాజేయుచుండెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండులకొఱకొక శిక్షణ కేంద్రము వెలసినది. గోండు యువకులనే యుపాధ్యాయులుగా తయారుచేసిరి. మొదటి పాఠములు గోండిభాషలో, దేవనాగరి లిపిలో ముద్రించిరి. అట్లు చదువు నేర్చినవారిలో కొందఱు కాలక్రమమున పట్వారులుగను, గుమాస్తాలుగను సర్కారు కొలువులో ప్రవేశించిరి.

అది నిరంకుశ ప్రభుత్వము చేసిన పనియనియు, తిరుగుబాటును చల్లార్చుటయే దాని మొదటి యుద్దేశమనియు మేమెరుగుదుము. అయినను అచటి పద్ధతినుండి గ్రహింపదగినది గలదు. శిక్షణార్థి నిచట కచేరికి సిద్ధపరచుచున్నారు. మార్లవాయిలో నతనిని తన గ్రామమునకు సిద్ధపరచిరి. అతడెవరి పని చేయవలయునో వారి భాషతోడనే అతని చదువు ప్రారంభమైనది. హైమండార్ఫ్ సతీమణి ఎలిజబెత్ సమాధి నేటికిని మార్లవాయిలో నున్నది. పరదేశి దంపతులను గోండులు తమవారిగా నెంచుకొనిరనుటకు అంతకుమించిన సాక్ష్యము అక్కరలేదు.

భారతదేశమున స్థానిక స్వపరిపాలనమును గూర్చి రిప్పన్ ప్రభువు 1882లో తీర్మానము వెలువరించినప్పుడు, దానివలన పరిపాలన మెఱుగుపడుటకంటె ప్రజలకు రాజకీయ శిక్షణ కలుగుటయే ముఖ్యప్రయోజనమని భావించెను. అటుతరువాత నూఱేండ్లకు పైగా మనము ప్రజల శిక్షణను గూర్చియే మాటాడితిమి. ఉద్యోగి శిక్షణను కచేరి గోడలకు వదలివేసితిమి.

కనుక మా సూచనలు కొన్ని గలవు. ఇవి ఖజానాకు భారము కలిగించునవి గావు. పంచాయతిలో చేరిన ప్రతి క్రొత్త యుద్యోగియు మొదటి వారమున బల్లవెనుక గాక బల్లముందు నిలువవలయును. ఒక యర్జీదారుని వెంట నడచి, ఒక కాగితము పుట్టినది మొదలు తీరువరకు వానితో నన్ని కార్యాలయములకు పోయి, ఎన్ని దినములు, ఎంత కూలి, ఎంత బస్సు కిరాయి వ్యయమైనదో వ్రాసి యీయవలయును. రెండవది, నోటితో చెప్పిన విన్నపమునకైనను ఆ దినముననే సంఖ్య వేసి రసీదు నీయవలయును. మూడవది, పరీక్షాకాలము చెప్పిన నాటికి ముగియవలయును; మార్కులు వేయువారిలో గ్రామసభకును చోటుండవలయును. నాలుగవది, గోండి, లంబాడి, కొలామి మాటాడు గ్రామములకు పోవు కార్యదర్శికి ఆ భాషలో నిత్యవ్యవహారమునకు చాలినంత నేర్పవలయును. చివరిది మిక్కిలి చిన్నది: గడపవద్ద నొక కుర్చీ వేయవలయును.

2025 డిసెంబరులో పంచాయతి ఎన్నికలు జరిగి క్రొత్త సర్పంచులు పదవులు స్వీకరించిరి. క్రొత్త పాలకవర్గము, అనుభవము గడించిన యువ కార్యదర్శి ఒకే గదిలో కూర్చున్న యిట్టి సమయము తరచుగ రాదు. కొద్ది మాసములలో నా గది తన యలవాటులను స్థిరపరచుకొనును. ఒకసారి స్థిరపడినవి ఎన్నేండ్లు నిలుచునో మన చరిత్రయే చెప్పుచున్నది.

వాగు కావలి గూడెపు ముదుసలికి ఆ ధ్రువపత్రము తుదకు లభించినది. పట్టణమునకు రెండుసార్లు పోయివచ్చిన పిమ్మట లభించినది. దానిని మా చేతులమీదుగనే ఆమెకిచ్చితిమి. ఆమె దానిని చీరకొంగున ముడివేసికొని మాకు దండము పెట్టినది. ఆ దండమునకు మేమర్హులము గామని నాడు చెప్పలేకపోతిమి. నేడీ పత్రికాముఖమున చెప్పుచున్నాము. ఆశతో గడప దాటిన ఉమేదువారి కొఱకు మనము వేతనము, పరీక్ష, మార్కులు ఏర్పరచితిమి. ఆశతో అదే గడపవద్ద నిలిచిన రెండవ ఉమేదువారొకరు గలరు. వారిని "రేపు రా" అని పంపివేయని నాడే పంచాయతి యన్న పేరు సార్థకమగును.